కొత్త రాష్ట్రపతి గారిని మనం చూస్తున్నామా, మనకు చూపించినంతే చూస్తున్నామా?

ప్రశ్న: అల్వాల్ ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. అల్వాల్ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. ఐదు నెలలుగా మనసులో నలుగుతున్న ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను. ఏ పార్టీ తరఫునా వాదించడానికి కాదు, నిజంగా సమాధానం కావాలనే రాస్తున్నాను.

2022 జూలై 25న ద్రౌపది ముర్ము గారు ప్రమాణ స్వీకారం చేస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలందరినీ టీవీ ఉన్న గదిలో కూర్చోబెట్టాను. పార్లమెంటు సెంట్రల్ హాల్లో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఆమె చేత ప్రమాణం చేయించడం, ఆమె ఆదివాసీ పద్ధతిలో "జోహార్" అని నమస్కరిస్తూ ప్రసంగం మొదలుపెట్టడం, తమ ఊళ్ళో కాలేజీ చదువుకు వెళ్ళిన మొదటి ఆడపిల్లను తానేనని చెప్పడం పిల్లలు కదలకుండా విన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. మా తరగతిలో దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక లంబాడా పిల్ల ఉంది. వాళ్ళ నాన్న కొంపల్లిలో ఇళ్ళ నిర్మాణం పనులకు వెళ్తాడు. ఆ పిల్ల చెయ్యెత్తి, "టీచర్, ఆమె ఇంట్లో ఏం భాష మాట్లాడుతది?" అని అడిగింది.

నెల రోజులుగా రోజూ రెండు పత్రికలు చదువుతూ, రాత్రి తొమ్మిది గంటల వార్తలు వదలకుండా చూస్తున్న నేను దానికి జవాబు చెప్పలేకపోయాను. ఆమె చీర అంచు ఏ రంగో నాకు తెలుసు. అభ్యర్థిగా పేరు ప్రకటించిన మర్నాడు పొద్దున్నే రాయ్‌రంగ్‌పూర్ శివాలయంలో చీపురు పట్టి ఊడ్చిన దృశ్యం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. భర్తను, ఎదిగిన ఇద్దరు కొడుకులను కొద్ది ఏళ్ళ వ్యవధిలో పోగొట్టుకున్న ఆ తల్లి దుఃఖాన్ని విషాద సంగీతంతో కలిపి పదే పదే వినిపించారు, విన్నాను. కానీ ఆమె మాతృభాష సంతాలీ అన్న ముక్క ఆ రాత్రి నేనే వెతుక్కుంటే తప్ప దొరకలేదు. 2015 నుంచి 2021 వరకు జార్ఖండ్ గవర్నరుగా ఆమె ఏం చేశారో కూడా అప్పుడే మొదటిసారి చదివాను.

అందుకే నా మనసు ఒక చోట నిలవడం లేదు. మయూర్‌భంజ్ జిల్లాలో ఉపర్‌బేడా అనే మారుమూల ఊళ్ళో పుట్టి, నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం చేసి, బడిలో పాఠాలు చెప్పి, 1997లో కౌన్సిలరుగా మొదలుపెట్టిన ఒక ఆదివాసీ స్త్రీ దేశ ప్రథమ పౌరురాలు కావడం నాకు మనస్ఫూర్తిగా సంతోషం. ఆ సంతోషంలో నాకు ఏ సందేహమూ లేదు. అయితే ఆ సంతోషాన్ని పట్టుకుని ఎవరో నా చేత ఏదో అంగీకరింపజేస్తున్నారన్న అనుమానం కూడా పక్కనే ఉంది. జూలై 2న మన నగరంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఒక పక్క విపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా గారికి బేగంపేటలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారి స్వాగతం, మరో పక్క బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలకు ప్రధాని రాక. ఊరంతా పోటాపోటీ ఫ్లెక్సీలు. ఎవరు ఎవరికి ఎదురు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అన్నదాని మీద వారం రోజులు చర్చలు నడిచాయి. అసలు ఆ ఇద్దరు అభ్యర్థుల్లో ఎవరు ఆ పదవిలో కూర్చుంటే ఏం చేస్తారన్నది ఒక్క చర్చలోనైనా నేను వినలేదు.

2022 డిసెంబరు 26 నుంచి 30 వరకు ఆమె మా పక్కనే బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో విడిది చేశారు. ఆ ఐదు రోజులూ మా ఇంటికి వచ్చే పత్రికల్లో ట్రాఫిక్ మళ్ళింపులు, ఆలయ దర్శనాలు, పూర్ణకుంభ స్వాగతాల ఫోటోలే ఎక్కువ. నారాయణగూడ కేశవ మెమోరియల్ విద్యాసంస్థలో విద్యార్థులతోనూ, నేషనల్ పోలీస్ అకాడమీలో శిక్షణ పొందుతున్న అధికారులతోనూ ఆమె ఏం మాట్లాడారో లోపలి పేజీల్లో నాలుగు వాక్యాలకు మించి కనిపించలేదు.

నేను అడిగేది ఇది. ఒక రాష్ట్రపతి మంచిగా పని చేస్తున్నారో లేదో నాలాంటి సామాన్య పౌరురాలు దేన్ని బట్టి తెలుసుకోవాలి? తెలియకపోవడం మాధ్యమాల తప్పా, మౌనంగా ఉండే ఆ పదవి స్వభావమే అంతా, లేక అంతకుమించి కోరని మా పాఠకులదా? ఇంకొకటి, ఇలా అడగడం ఆమె పట్ల అమర్యాద అవుతుందేమోనని నాకు నిజంగానే జంకుగా ఉంది. స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తితే ఇద్దరు సహోద్యోగులు నొచ్చుకున్నారు.

జవాబు: చిక్కడపల్లి విశ్రాంత ఉపసంపాదకుడు

అమ్మా, మీ జంకు నాకు అర్థమైంది. కానీ ప్రశ్న మాత్రం సరైనదే. ముప్పై ఏళ్ళకు పైగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పని చేసినవాడిని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

రాష్ట్రపతి వార్త పత్రికలోకి వచ్చే దారి చాలా ఇరుకు. రాష్ట్రపతి భవన్ నుంచి ప్రకటన వస్తుంది, దాని ఆధారంగా వార్తా ఏజెన్సీ కాపీ వస్తుంది, సాయంత్రం దాన్ని ఒక కుర్ర సబ్ ఎడిటర్ తెలుగు చేస్తాడు. మన దేశంలో రాష్ట్రపతులు పత్రికా సమావేశం పెట్టి ప్రశ్నలు తీసుకునే ఆనవాయితీ లేదు. అడిగే వీలు లేనిచోట విలేకరికి మిగిలేది కంటికి కనిపించేదే. చీర కనిపిస్తుంది, గుడి కనిపిస్తుంది, కాన్వాయ్ కనిపిస్తుంది. ఒక దస్త్రం మీద ఆమె ఎంతసేపు ఆలోచించారో ఎవరికీ కనిపించదు. టీవీ వచ్చాక ఈ జబ్బు ముదిరిన మాట నిజమే గానీ, పుట్టింది టీవీతో కాదు.

2002లో కలాం గారు వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. ఆయన జుట్టు గురించి, వీణ గురించి, చిన్నపిల్లలతో ఆయన ముచ్చట్ల గురించి రోజుల తరబడి రాశాం. పాఠకులు ఇష్టంగా చదివారు. 2005 మే నెలలో ఆయన మాస్కోలో ఉండగా అర్ధరాత్రి వేళ బిహార్ అసెంబ్లీ రద్దు మీద సంతకం తీసుకున్నారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తరవాత సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సంతకం గురించి మా పేజీలో నేను ఇచ్చిన చోటు, ఆయన వీణ ఫోటోకు ఇచ్చిన చోటు కంటే చిన్నది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కానీ ఎప్పుడూ ఇలాగే ఉందని అనుకోకండి. 1969లో నీలం సంజీవరెడ్డి గారు, వి.వి. గిరి గారు పోటీ పడినప్పుడు నాకు పదిహేడేళ్ళు. "అంతరాత్మ ప్రబోధం" అన్న మాట కిళ్ళీ కొట్టు దగ్గర కూడా వినిపించేది. పార్టీ నిర్ణయం గొప్పదా, ఓటు వేసేవాడి మనస్సాక్షి గొప్పదా అని మా నాన్న, ఆయన స్నేహితులు అరుగు మీద గొంతులు చించుకుని వాదించేవారు. అది పదవి గురించి జరిగిన వాదన. అలాగే 1998లో కె.ఆర్. నారాయణన్ గారు స్వాతంత్ర్య దినోత్సవం ముందు రోజు రాసిపెట్టిన ప్రసంగం చదవకుండా, ఒక సీనియర్ సంపాదకుడికి ఇంటర్వ్యూ ఇచ్చారు. దాన్ని దూరదర్శన్‌లోనూ రేడియోలోనూ ప్రసారం చేశారు. ఆ ఏడాదే ఆయన లోక్‌సభ ఎన్నికల్లో వరుసలో నిలబడి ఓటు వేశారు. పదవిలో ఉన్నవారు తలుచుకుంటే ఆ ఇరుకు దారిని కాస్త వెడల్పు చేయవచ్చు అనడానికే ఇది చెబుతున్నాను.

మాధ్యమాలకు దక్కాల్సిన న్యాయం కూడా దక్కాలి. ముర్ము గారి పేరు ప్రకటించాక విలేకరులు ఉపర్‌బేడా వెళ్ళి చూస్తే, ఆ ఊరికి చేరిన డుంగురిసాహి అనే పల్లెలో అప్పటికీ కరెంటు లేదు. అది వార్త అయ్యాకే స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ కదిలాయి. గుడి ముంగిట కెమెరా పెట్టినవాళ్ళలోనే ఎవరో ఒకరు ఆ పల్లె దాకా నడిచి వెళ్ళారు. నడిచి వెళ్ళినవాడి పేరు మనం అడగం.

జవాబు: బొల్లారం వాసి

మేడం గారూ, మీతో నేను ఏకీభవించలేను. మా ఇల్లు నిలయం గోడకు అర కిలోమీటరు దూరం. చిన్నప్పటి నుంచి ఎందరో రాష్ట్రపతుల కాన్వాయ్‌లు చూశాను. ఏనాడూ గేటు దగ్గరికి రాని మా పనిమనిషి ఈసారి మనవరాలిని చంకనేసుకుని గంటన్నర ఎండలో నిలబడింది. కారు దాటిపోయేటప్పుడు అద్దం లోంచి ఆమె చెయ్యి ఊపితే, తననే చూసి ఊపిందని ఇప్పటికీ అందరికీ చెబుతోంది. బిల్లులు, దస్త్రాలు, అధికరణలు ఆవిడకు తెలియవు. ఆ గంటన్నరలో ఆవిడకు దొరికినదాన్ని మనం "ఎవరో చూపించినది" అని తీసిపారేస్తే అది న్యాయం కాదు. ప్రతి సంతోషం వెనకా ఎవరి లెక్క ఉందోనని వెతకడం కూడా ఒక రకంగా మనలాంటి చదువుకున్నవాళ్ళకే ఉన్న అలవాటు.

జవాబు: హైకోర్టు న్యాయవాది, మెహిదీపట్నం

బొల్లారం వాసి గారి మాటను నేను గౌరవిస్తాను. ఆ పనిమనిషి సంతోషం నిజం. కానీ ఉపాధ్యాయిని గారు అడిగినది వేరు. ఆ సంతోషం తరవాత ఏం చూడాలన్నది ఆమె ప్రశ్న. దానికి రాజ్యాంగంలోనే కొంత సమాధానం ఉంది.

74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. ఒకసారి పునరాలోచించమని వెనక్కి పంపవచ్చు, మళ్ళీ అదే సలహా వస్తే అంగీకరించక తప్పదు. 111వ అధికరణ కింద బిల్లుల విషయంలోనూ దాదాపు ఇంతే. కాబట్టి ఆమె ప్రభుత్వాన్ని ఎదిరించలేదని నిందించడమూ, ఎదిరించగలరని ఆశ పెట్టుకోవడమూ రెండూ తొందరపాటే. అయితే ఆ ఒక్కసారి అనేది చిన్న అధికారం కాదు. 1986లో జైల్ సింగ్ గారు తపాలా సవరణ బిల్లును ఆమోదించకుండా, తిప్పి పంపకుండా అలాగే ఉంచేశారు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫారసును నారాయణన్ గారు వెనక్కి పంపితే కేంద్ర ప్రభుత్వం ఆ ప్రయత్నం మానుకుంది. 2006లో లాభదాయక పదవుల బిల్లును కలాం గారు తిప్పి పంపారు. మరోవైపు 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. ఆ పదవి బరువంతా ఆ ఒక్కసారి దగ్గరే తెలుస్తుంది.

ముర్ము గారి విషయంలో నా దృష్టికి వచ్చినవి రెండు. జార్ఖండ్‌లో ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలను సవరిస్తూ శాసనసభ ఆమోదించిన బిల్లులను గవర్నరుగా ఆమె 2017లో తిప్పి పంపారు. ఆదివాసీల భూములకు ఆ చట్టాలు పెట్టని కోటల వంటివి. బిల్లులు తెచ్చింది ఆమె ఏ పార్టీ నుంచి వచ్చారో ఆ పార్టీ ప్రభుత్వమే. ఆమెకు సొంత నిర్ణయం ఉండదని తేల్చేసేవారు దీన్ని చదవాలి, కొలిచి పొగిడేవారు కూడా చదవాలి.

రెండోది ఆమె రాష్ట్రపతి అయ్యాక జరిగింది. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు సుప్రీంకోర్టులో రాసుకున్న ప్రసంగం పక్కన పెట్టి హిందీలో మాట్లాడారు. చిన్న తగాదాలో ఎవరినో చెంపదెబ్బ కొట్టి జైలుకు పోయి, బయటికి తెచ్చుకునే స్తోమత ఇంటివాళ్ళకు లేక ఏళ్ళ తరబడి మగ్గిపోయేవారి గురించి చెప్పారు. జైళ్ళు చాలడం లేదు, కొత్తవి కట్టాలి అంటున్నారు, అభివృద్ధి చెందుతున్న దేశంలో జైళ్ళు తగ్గాలి గదా అని అడిగారు. ఎదురుగా ప్రధాన న్యాయమూర్తి, న్యాయశాఖ మంత్రి కూర్చుని ఉన్నారు. మూడు రోజులు తిరగకముందే, నవంబరు 29న జస్టిస్ కౌల్, జస్టిస్ ఓకా గార్ల ధర్మాసనం బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయిన విచారణ ఖైదీల వివరాలు పంపమని రాష్ట్రాలను ఆదేశించింది. నేను పేదల బెయిలు కేసులు చూస్తాను. ఇద్దరు జామీనుదారులు దొరక్క చంచల్‌గూడలో ఐదు నెలలు అదనంగా ఉన్న ఒక మేస్త్రీ నా కక్షిదారు. ఆ ప్రసంగం వీడియో అతని అన్నకు ఫోనులో చూపిస్తే, "ఇది టీవీలో రాలేదే సార్" అన్నాడు. వచ్చే ఉంటుంది. కానీ అతను చూసే వేళకు వేరే ఏదో నడుస్తోంది.

మన రాష్ట్రానికి సంబంధించి అడగవలసినది కూడా ఒకటుంది. గిరిజన రిజర్వేషన్లను ఆరు నుంచి పది శాతానికి పెంచుతూ తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్‌లో బిల్లు ఆమోదించి ఢిల్లీకి పంపింది. అది రాష్ట్రపతి ఆమోదం దాకా చేరకుండా కేంద్రం దగ్గరే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. చివరికి 2022 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చి పెంచుకుంది. తొలి ఆదివాసీ రాష్ట్రపతి ఐదు రోజులు మన ఊళ్ళో ఉన్నారు. ఆ బిల్లు ఎక్కడుందని నేను చదివిన ఏ పత్రికా ఆ ఐదు రోజుల్లో ప్రస్తావించలేదు. అది ఆమె మీద ఫిర్యాదు కాదు, పత్రికల మీద.

జవాబు: దుమ్ముగూడెం నుంచి, ప్రస్తుతం తార్నాక

నేను కోయ కుటుంబం నుంచి వచ్చినవాడిని, ఇక్కడ పీజీ చదువుతున్నాను. డిసెంబరు 28న రాష్ట్రపతి గారు భద్రాచలం వచ్చినప్పుడు సెలవు పెట్టి వెళ్ళాను. బారికేడ్ల వెనక మా అమ్మ, పిన్ని, నేను ఉన్నాం. ఒక ఛానెల్ విలేకరి మా అమ్మ దగ్గర మైకు పెట్టి, "మీ మనిషే రాష్ట్రపతి అయ్యారు, ఎలా అనిపిస్తోంది?" అని అడిగాడు. "మస్తు సంతోషంగ ఉంది" అంది మా అమ్మ. అది నిజం. ఊరుకోకుండా, "పోడు పట్టా ఇప్పిస్తదేమో అడగాలె" అని కూడా అంది. రెండో మాట పూర్తి కాకముందే మైకు మా పిన్ని ముందుకు వెళ్ళింది. రాత్రి చూస్తే మొదటి మాట ఒక్కటే వచ్చింది.

మా అమ్మ అబద్ధం చెప్పలేదు, ఛానెల్ కూడా లేని మాట పెట్టలేదు. అయినా మా అమ్మ చెప్పింది అది కాదు. ఉపాధ్యాయిని గారి మనసులో ఉన్న అనుమానానికి నాకు దొరికిన రూపం ఇది.

రాష్ట్రపతి అంటే మాకు ముందు గుర్తొచ్చేది సంతకం. 2014 మే నెలలో ఒక ఆర్డినెన్సు మీద అప్పటి రాష్ట్రపతి సంతకం పడగానే పోలవరం ముంపు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిపోయాయి. కూనవరం దగ్గర మా మేనమామ ఊరు అలా పరాయి రాష్ట్రం అయింది. ఆ సంతకానికి ముందు అక్కడి కోయలను, కొండరెడ్లను ఎవరైనా అడిగారా అన్నది మా ఇళ్ళలో ఇంకా చల్లారని మాట. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. రెండు రోజులకు రాష్ట్రపతి ఎన్నిక పోలింగు. మేము గుట్ట మీద బడిలో తలదాచుకున్నాం, అక్కడ ఫోనుల్లో నీళ్ళ వార్త తప్ప ఎన్నిక వార్త ఎవరూ చూడలేదు.

ఒక్క విషయం జోడిస్తాను. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల పాలన మీద గవర్నరు ప్రతి ఏడాదీ రాష్ట్రపతికి నివేదిక పంపాలి. మా భద్రాచలం ఏజెన్సీ గురించి ఆ నివేదికల్లో ఏం రాశారు, ఆమె చదివి ఏం అడిగారు అని ఒక విలేకరి రాస్తే నేను దాన్ని కత్తిరించి దాచుకుంటాను. భద్రాచలం వచ్చిన రోజే ఆమె ఆసిఫాబాద్, మహబూబాబాద్ జిల్లాల ఏకలవ్య గురుకులాలను కూడా ప్రారంభించారు. అందులో ఎన్ని సీట్లు, టీచర్లు వచ్చారా, ఏ భాషలో చెబుతారు అన్నది రాసినా చాలు. ఆమె మా మనిషే. అందుకే మాకు ఆమెను అడిగే చనువు కావాలి. పొగిడే అవకాశం ఎలాగూ అందరికీ ఉంది.

ప్రశ్న అడిగిన అల్వాల్ ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. బొల్లారం వాసి గారూ, మీ ఇంటి పనిమనిషి సంగతి చదివాక నా ప్రశ్నలో కొంత దురుసు ఉందని ఒప్పుకుంటున్నాను. అయినా దుమ్ముగూడెం తమ్ముడు వాళ్ళ అమ్మగారి రెండో మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ఈ వారం తరగతిలో న్యాయవాది గారు చెప్పిన నవంబరు 26 ప్రసంగాన్ని పిల్లలకు చూపించి, మర్నాడు, ఆ మర్నాడు వచ్చిన పత్రికలు తెచ్చి దాని గురించి ఎక్కడ, ఎంత రాశారో వాళ్ళ చేతే స్కేలుతో కొలిపించాను. ముందు పేజీ వెతికి, లోపలి పేజీలు వెతికి, ఒక్కొక్కరు ఒక్కో కొలత చెప్పారు. కొలతలు ఇక్కడ రాయను, రెండు పత్రికలతో తేలే సంగతి కాదు. పిల్లలకు మాత్రం పత్రికను అలా పట్టుకుని చూడడం కొత్తగా అనిపించింది.

సంతాలీ గురించి కూడా చెప్పాను. దానికి ఓల్ చికి అనే సొంత లిపి ఉందని, 2003లో ఎనిమిదో షెడ్యూల్లో చేర్చారని చెబితే, జూలైలో ఆ ప్రశ్న అడిగిన పిల్ల, "మరి మా గోర్ బోలి ఉందా టీచర్?" అంది. లేదని చెప్పాను. గోండి, కోయ కూడా లేవని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి పోస్టు కార్డు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. నిన్న తెచ్చి చూపించింది. తన భాషలోనే, తెలుగు అక్షరాలతో నాలుగు వరుసలు రాసి, కింద తెలుగులో అర్థం రాసింది. "మీ భాష పుస్తకంల ఎక్కడానికి ఎన్ని రోజులు పట్టింది? ఎవరిని అడిగిండ్రు? మేము కూడా వాళ్ళనే అడగాల్నా?" చిరునామా మాత్రం నన్ను రాసిపెట్టమంది. రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ అని రాసి, స్కూలు ఎదురుగా ఉన్న డబ్బాలో ఈ పొద్దున ఆ పిల్ల చేతే వేయించాను.